రెండేళ్ల పాప పెరుగన్నం, పాలు తప్ప మరేదీ ముట్టుకోవడం లేదు, ఏం చేయాలి?

కృష్ణ_ఒడ్డున
మా పాపకు రెండేళ్ల మూడు నెలలు. ఏడాదిన్నర వయసు వరకు ముద్దపప్పు, ఇడ్లీ, అరటిపండు, ఉడకబెట్టిన చిలగడదుంప, ఏది పెట్టినా ఇష్టంగా తినేది. ఆరు నెలలుగా పెరుగన్నం, పాలు, బిస్కట్లు, ఈ మూడింటితోనే రోజు గడుస్తోంది. నిన్న రాత్రి పప్పన్నంలో గోరంత తోటకూర ఆకు కలిసింది. ముద్ద నోట్లో పెట్టుకొని, నాలుకతో ఆ ఆకును వెతికి పట్టుకొని, వేలితో బయటికి తీసి నా కొంగుకు తుడిచి, ఆ తర్వాత ఎంత బతిమాలినా నోరు తెరవలేదు. గిన్నె పట్టుకొని గంటన్నర ఇల్లంతా తిరిగాను. చివరికి ఫోన్‌లో పాటలు పెడితే ఆరు ముద్దలు లోపలికి వెళ్లాయి. పగలు నేను ఆఫీసుకు వెళ్తే మా అత్తగారే చూసుకుంటారు, ఆవిడా అలసిపోతున్నారు. బరువు 11 కిలోలు. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ "పిల్ల చిక్కిపోయింది" అని అంటుంటే నాకు ఏడుపు ఆగడం లేదు. దయచేసి అనుభవం ఉన్నవారు దారి చెప్పండి.

పెన్నా_తల్లి
మా వాడు కూడా ఇంతేనండి. ఉప్మాలో ఆవాలను ఒక్కొక్కటిగా ఏరి పళ్లెం అంచున వరుసగా పెడతాడు. అవన్నీ ఏరడం పూర్తయ్యే సరికి ఉప్మా చల్లారిపోతుంది, వాడికి విసుగొస్తుంది.

గోదారి_అమ్మమ్మ
ముగ్గురు పిల్లల్ని, ఐదుగురు మనవల్ని పెంచిన దానిని కనుక చెబుతున్నాను. ఈ వయసులో పిల్లలకు బువ్వ కంటే ఆట ముఖ్యం. చందమామను చూపించో, కాకిని పిలిచో, కథ చెబుతూ గోరుముద్దలు పెడితే కడుపు నిండుతుంది. మా కాలంలో ఏ పిల్లా పెరుగన్నంతోనే ఆగిపోలేదు. వద్దన్నా నాలుగు ముద్దలు పెట్టేవాళ్లం, ఏడ్చినా పెట్టేవాళ్లం. ఇప్పటి తల్లులు పిల్ల మొహం తిప్పుకోగానే గిన్నె పక్కన పెట్టేస్తున్నారు. అది నాకు నచ్చడం లేదు.

ఓరుగల్లు_నాన్న
అమ్మమ్మగారూ, కథ చెబుతూ పెట్టడం వరకు మీతో ఏకీభవిస్తాను కానీ, ఏడ్చినా పెట్టడం అన్న మాట దగ్గర ఆగిపోయాను. నా చిన్నతనంలో మా నాయనమ్మ మా తమ్ముణ్ణి కాళ్ల మీద పడుకోబెట్టుకొని, ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో గంజి పోసేది. ఒకసారి అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, వాడు నీలంగా మారిపోతే ఊరంతా పరుగెత్తారు. ఏడుస్తున్న పిల్లల నోట్లో ఏదీ పెట్టకూడదు. పేచీ మాట అటుంచండి, అది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

గోదారి_అమ్మమ్మ
ముక్కు మూసే పద్ధతిని నేనూ ఒప్పుకోను నాయనా, అది తప్పే.

చిన్నపిల్లల_వైద్యం
నేను పదహారేళ్లుగా చిన్నపిల్లల వైద్యురాలిగా పనిచేస్తున్నాను. సలహా చెప్పే ముందు కృష్ణ_ఒడ్డున గారిని నాలుగు విషయాలు అడగాలి. పాప రోజుకు ఎన్నిసార్లు, ఎంత పాలు తాగుతుంది? అవి ఆవు పాలా, గేదె పాలా? సీసాతోనా, గ్లాసుతోనా? మలబద్ధకం ఉందా?

కృష్ణ_ఒడ్డున
గేదె పాలండి, మా వీధిలోనే పాడి ఉంది. నీళ్లు కలిపితే బలం ఉండదని మా అత్తగారు కలపనివ్వరు. నాలుగు సీసాలు తాగుతుంది, ఒక్కొక్కటి 240 మిల్లీలీటర్లు. ఉదయం లేవగానే ఒకటి, మధ్యాహ్నం నిద్రకు ముందు ఒకటి, సాయంత్రం ఒకటి, రాత్రి నిద్రలో ఒకటి. ప్రతి సీసాలో చెంచాడు పంచదార వేస్తాం. ఏమీ తినని పిల్ల కనీసం పాలైనా తాగుతోందని ధైర్యంగా ఉండేదాన్ని. మలబద్ధకం ఉంది, రెండు మూడు రోజులకోసారి ఏడుస్తూ వెళ్తుంది.

చిన్నపిల్లల_వైద్యం
మీ ప్రశ్నకు జవాబు చాలా వరకు ఆ సీసాల్లోనే ఉందమ్మా. లెక్క చూడండి. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు సుమారు 1,010 కిలో క్యాలరీల శక్తి కావాలి. నీళ్లు కలపని గేదె పాలు లీటరు తాగితే దాదాపు వెయ్యి కిలో క్యాలరీలు వస్తాయి. మీ పాప తాగుతున్నది 960 మిల్లీలీటర్లు, పైన నాలుగు చెంచాల పంచదార. అంటే అన్నం గిన్నె ముందుకు వచ్చేసరికే ఆ పిల్ల ఒక రోజుకు సరిపడా తినేసి ఉంటోంది. నోరు బిగించడం మొండితనం కాదు, ఆ పొట్టలో చోటు లేదు.

ఇక పాలలో లేనిది ఇనుము. ఆ వయసుకు రోజుకు 8 మిల్లీగ్రాముల ఇనుము అవసరమని అదే సూచనల్లో ఉంది. పాలలో అది దాదాపు శూన్యం. పైగా పాలలోని కాల్షియం ఇతర ఆహారం నుంచి వచ్చే ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వదు. అందుకే రోజూ లీటరు పాలు తాగే పిల్లలు బొద్దుగా ఉండి కూడా రక్తహీనతతో నా దగ్గరికి వస్తుంటారు. రక్తం తగ్గితే ఆకలి మందగిస్తుంది, ఆకలి లేక అన్నం మానేస్తారు, అన్నం మానేశారని ఇంట్లో వాళ్లు ఇంకో సీసా కలుపుతారు. ఈ చక్రం ఎక్కడో ఒక చోట తెగాలి. పాలు రోజుకు అర లీటరు లోపు ఉంచండి, గ్లాసుతోనే ఇవ్వండి, భోజనానికి ముందు రెండు గంటల పాటు ఇవ్వకండి, నిద్రలో సీసా పూర్తిగా మానేయండి. దానివల్ల పళ్లు పుచ్చడం కూడా తగ్గుతుంది. దగ్గరలోని వైద్యులతో ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

బరువు గురించి భయపడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో రెండేళ్లు నిండిన ఆడపిల్లల సగటు బరువు 11.5 కిలోలు, మగపిల్లలది 12.2 కిలోలు. మీ పాప ఆ నడిమి గీతకు కొంచెం కిందుగా ఉంది, అంతే. మొదటి ఏడాదిలో పుట్టిన బరువుకు మూడింతలయ్యే పిల్లలు రెండో ఏడాదిలో రెండు, రెండున్నర కిలోలే పెరుగుతారు. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి తగ్గడం సహజం. చుట్టాల మాట వినవద్దు, తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఉన్న గ్రాఫును చూడండి.

పాలపిట్ట
ఈ లెక్క చూశాక నాకు చేతులు వణికాయి. మా బాబుకు మూడు సీసాలు ఇస్తున్నాను. ఈ రోజే తగ్గిస్తాను.

ఓరుగల్లు_నాన్న
డాక్టరు గారు చెప్పినది మా ఇంట్లో జరిగింది. మా అమ్మాయి రెండేళ్ల వయసులో గోడ సున్నం గీకి తినేది, పూలకుండీలో మట్టి తినేది, వంటింట్లో పచ్చి బియ్యం నమిలేది. చెడు అలవాటని నేను కోప్పడ్డాను, ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాను. ఇప్పటికీ ఆ చెంపదెబ్బ గుర్తొస్తే నిద్ర పట్టదు. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8 ఉంది. ఇనుము మందు మొదలుపెట్టిన కొద్ది వారాలకు మట్టి మీద ధ్యాస దానంతట అదే పోయింది. మీ పాప మట్టి, సున్నం, ఐసు ముక్కల వంటివి నోట్లో పెట్టుకుంటుంటే ఆలస్యం చేయకండి.

అంగన్‌వాడీ_టీచర్
మా కేంద్రంలో చూస్తున్నదే చెబుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, దేశమంతటా 67.1 శాతం ఉందని తేలింది. అంటే ఇది ఏ ఒక్క ఇంటి సమస్యా కాదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఇనుము సిరప్ ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. అందులో 20 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. చాలామంది తల్లులు సీసా తీసుకెళ్లి అల్మారాలో పెట్టేస్తారు, మలం నల్లగా వచ్చిందని భయపడి మానేస్తారు. మందు వేసినప్పుడు మలం నల్లగా రావడం మామూలే. ఏడాది దాటిన పిల్లలకు ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర కూడా తప్పనిసరిగా వేయించండి. పురుగులుంటే ఎంత తిన్నా ఒంటికి పట్టదు.

మూడేళ్ల లోపు పిల్లలకు మేమిచ్చే బాలామృతం పిండిలో వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె ఉంటాయి. అందులో తీపి ఎలాగూ ఉంది కనుక మళ్లీ పంచదార కలపవద్దు.

రాగిజావ
తీపి సంగతి మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను టీచర్ గారూ. పసిపిల్లల పిండిలో పంచదార ఎందుకు ఉండాలి? తీపికి అలవాటు పడిన నాలుకకు కాకరకాయ ఎప్పటికీ ఎక్కదు. మా ఇంట్లో రాగిపిండి, పెసరపప్పు, కొద్దిగా నువ్వులు వేయించి ఆడించుకొని జావ కాస్తాం. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, కాబట్టి పాలు తగ్గిస్తే ఎముకలు పెరగవేమోనన్న బెంగ అక్కరలేదు.

అంగన్‌వాడీ_టీచర్
మీరన్నది సబబే, నాకూ ఆ విషయంలో అభ్యంతరం ఉంది. అయితే రాగులు వేయించి ఆడించుకునే తీరిక, డబ్బు లేని ఇళ్లలో ఆ ప్యాకెట్టే పిల్లకు పప్పు, పాలపొడి అందిస్తోంది. ఆ ఇళ్లకు వద్దని నేను చెప్పలేను.

డల్లాస్_తెలుగమ్మ
ఇక్కడ అమెరికాలో ఏడాది వయసు రాగానే పిల్లలందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయాలని వైద్యుల సంఘం సూచన. మా బాబుకు అలాగే బయటపడింది. అప్పటి నుంచి నాకు ఉపయోగపడిన ఒక్క సూత్రం రాస్తాను. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నది పెద్దల పని. అందులో ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లవాడి పని. ఈ హద్దును నేను దాటను, వాణ్ణి దాటనివ్వను. పళ్లెంలో వాడికి నచ్చేది ఒకటి తప్పకుండా ఉంటుంది, దాని పక్కన కొత్తది చెంచాడు పెడతాను. తిను అని ఒక్క మాట కూడా అనను. బీట్‌రూట్ కూర పదకొండుసార్లు అలాగే తిరిగి వచ్చింది, పన్నెండోసారి ముట్టుకున్నాడు. కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవడానికి ఎనిమిది నుంచి పదిహేనుసార్లు పట్టవచ్చని మా డాక్టరు ముందే చెప్పింది కనుక ఓపిక పట్టగలిగాను. మన ఇళ్లలో రెండుసార్లు వద్దంటే "వాడికి అది పడదు" అని ముద్ర వేసేస్తాం.

పెన్నా_తల్లి
నేను పాలకూర, క్యారెట్ మెత్తగా రుబ్బి దోసెల పిండిలో కలిపేస్తాను. వాడికి తెలియకుండానే లోపలికి వెళ్తోంది. పన్నెండుసార్లు పారబోసే కంటే ఇది మేలు కాదా?

డల్లాస్_తెలుగమ్మ
కలపడం తప్పని అనను. కానీ దాచిపెట్టిన పాలకూరతో వాడికి పాలకూర అలవాటు కాదు. ఒకనాడు పచ్చ చుక్క కనిపిస్తే దోసె కూడా మానేస్తాడు. కలిపితే వాడి ఎదుటే కలపండి, ఆకులు వాడి చేత తుంపించండి.

కొండపల్లి_బొమ్మ
అందరూ ఆకలేస్తే అదే తింటుంది, బలవంతం వద్దు అంటున్నారు. మా అనుభవం వేరు, అందుకని రాయక తప్పడం లేదు. మా బాబు కరకరలాడేవి తప్ప ఏదీ తినేవాడు కాదు. జంతికలు, రస్కులు, వేయించిన అప్పడం, అంతే. మెత్తని అన్నం వేలికి అంటితే చాలు, వాంతి చేసుకునేవాడు. అందరూ చెప్పినట్టే "ఆకలేస్తే తింటాడు" అని ఆగాం. ఆకలేసినా తినలేదు. తినే పదార్థాల సంఖ్య పెరగాల్సింది పోయి ఒక్కొక్కటిగా తగ్గుతూ వచ్చింది, బరువు గీత కిందికి దిగింది. మూడేళ్లు దాటాక కానీ వాడికి ఆటిజం ఉందని, స్పర్శ, వాసన వాడికి మనకంటే ఎన్నో రెట్లు తీవ్రంగా తెలుస్తాయని మాకు తెలియలేదు. ఇప్పుడు ఆక్యుపేషనల్ థెరపీలో ముందు ముట్టుకోవడం, తర్వాత వాసన చూడడం, తర్వాత పెదవికి ఆనించడం, ఇలా మెట్టు మెట్టుగా నేర్పుతున్నారు. నిన్న ఇడ్లీ ముక్కను పట్టుకొని నలిపాడు. నోట్లో పెట్టుకోలేదు, అయినా మా ఇంట్లో అది పండగే. ఓపిక పట్టమని చెప్పే ముందు ఇలాంటి పిల్లలు కూడా ఉంటారని గుర్తుంచుకోండి.

చిన్నపిల్లల_వైద్యం
కొండపల్లి_బొమ్మ గారు రాసినది ఈ చర్చలో ఉండాల్సిన మాట. మింగేటప్పుడు తరచుగా పొలమారడం, మెత్తనివి ముట్టుకోగానే వాంతి, తినే రకాలు నెలనెలా తగ్గిపోవడం, పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, బరువు ఆగిపోవడం లేక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఇంటి చిట్కాలతో కాలం గడపకుండా వైద్యులను కలవండి.

గోదారి_అమ్మమ్మ
డాక్టరమ్మా, మరి నేను చెప్పిన గోరుముద్దలు కూడా తప్పేనా? ఫోన్ చూపించడం, చందమామను చూపించడం రెండూ ధ్యాస మళ్లించడమే కదా అని మా కోడలు అంటోంది.

చిన్నపిల్లల_వైద్యం
రెండూ ఒకటి కావమ్మా. కథ చెబుతున్నప్పుడు మీరు పిల్ల మొహం చూస్తూ ఉంటారు, చాలనిపించినప్పుడు మీకు తెలుస్తుంది, పిల్ల మీ గొంతు వింటూ తన ముద్దను చూస్తూ తింటుంది. ఫోన్ ముందు కూర్చున్న పిల్లకు నోట్లో ఏముందో, కడుపు నిండిందో లేదో తెలియదు. రెండేళ్ల లోపు పిల్లలకు అసలు తెర చూపవద్దని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. మీ గోరుముద్దలు మానవద్దు, చాలన్నప్పుడు మాత్రం ఆపండి.

గోదారి_అమ్మమ్మ
అలాగే తల్లీ. ఆ ఆఖరి మాట నాకు కష్టమే, ప్రయత్నిస్తాను.

రాగిజావ
గుడ్డు సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? తినే ఇళ్లలో అంత తేలికైన ఆహారం మరొకటి లేదు, ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. తినని ఇళ్లలో పప్పు, శనగలు, పెసరట్టు, నువ్వుల పొడి, మునగాకు ఉన్నాయి. పక్కన జామపండో, నిమ్మరసమో ఉంటే ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుము బాగా పడుతుంది. టీ మాత్రం చుక్క కూడా పోయవద్దు, అది ఇనుమును అడ్డుకుంటుంది. వేరుశనగ గింజలు గొంతులో ఇరుక్కుంటాయి, పొడి చేసే పెట్టండి.

కృష్ణ_ఒడ్డున
అయిదు వారాల తర్వాత రాస్తున్నాను. పరీక్షలో హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. ఈ వయసుకు 11 ఉండాలని అక్కడి డాక్టరు గారు చెప్పి, ఇనుము చుక్కలు రాశారు, పాలతో కలిపి వేయవద్దన్నారు. పాలు తగ్గించడం అనుకున్నంత తేలిక కాలేదు. మొదటి మూడు రాత్రులు పాప సీసా కోసం గుక్కపట్టి ఏడ్చింది, మా అత్తగారు కూడా ఏడ్చారు. రెండో రాత్రి నేను ఓడిపోయి వంటింట్లోకి వెళ్లాను. అప్పటికే సీసాలన్నీ మా ఆయన మేడ మీద పెట్టేశారు కనుక సరిపోయింది. ఆవిడకు డాక్టరు గారి లెక్కను కాగితం మీద రాసి చూపించాను. "బలమని పోశానే తల్లీ" అని చాలాసేపు మాట్లాడలేదు. నేను ఆవిడను ఒక్క మాట కూడా అనలేదు, ఎందుకంటే పంచదార చెంచా నా చేతిది కూడా.

ఎనిమిదో రోజున పప్పుచారు వండాను. అందరం కింద కూర్చొని తింటున్నాం, పాప పళ్లెంలో పెరుగన్నం, పక్కన కొద్దిగా పప్పుచారు అన్నం. మా మామగారు మునక్కాడ ముక్క చీల్చి పళ్లతో గుజ్జు లాగుతుంటే పాప చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఆయన పళ్లెంలోంచి ఒక ముక్క లాక్కుంది. డల్లాస్ అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి ఎవరమూ నోరు మెదపలేదు. ముక్కను రెండు చేతులతో పట్టుకొని, తాతను చూస్తూ, పీల్చి, పిప్పి పళ్లెం అంచున పెట్టి, "ఇంకోటి" అంది. ఆ రోజు నాలుగు ముక్కలు తింది. ఇప్పుడు పెసరట్టు, గుడ్డు పచ్చసొన, జామపండు ముక్కలు తింటోంది. ఆకుకూర ఇంకా వేలితో బయటికి తీస్తూనే ఉంది. మలబద్ధకం తగ్గింది.

ఓరుగల్లు_నాన్న
చాలా సంతోషమమ్మా. చుక్కలు ఆపేయకండి, పిల్ల తింటోంది కదా అని మేము మధ్యలో మానేసి రెండు నెలలు వెనక్కి వెళ్లాం.

చిన్నపిల్లల_వైద్యం
అవును, హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా ఒంట్లో ఇనుము నిల్వలు నిండడానికి ఇంకా కొన్ని వారాలు వేయాలి. ఎప్పుడు ఆపాలో మీ డాక్టరు గారే చెబుతారు. చుక్కలు నాలుక వెనుక భాగంలో వేసి కాసిని నీళ్లు తాగించండి, పళ్లకు మరకలు పట్టవు.

కృష్ణ_ఒడ్డున
అలాగే చేస్తానండి. అమ్మమ్మగారూ, పాపకు నెయ్యి అన్నంలో కలపడానికి కారం లేని కరివేపాకు పొడి ఎలా చేయాలో చెబుతారా? ఆకు రూపం కనిపించకపోయినా రంగు తెలిసేలా ఉండాలి.

గోదారి_అమ్మమ్మ
కరివేపాకు కడిగి, నీడన ఆరబెట్టి, బాణలిలో కొద్ది నూనెతో సన్నని సెగ మీద పెళపెళలాడే దాకా వేయించు. గుప్పెడు మినపప్పు, రెండు చెంచాల నువ్వులు, కాస్త జీలకర్ర విడిగా వేయించు. ఎండుమిరప వద్దు. అన్నీ చల్లారాక చిటికెడు ఉప్పు, గోళీకాయంత చింతపండు వేసి పొడి చెయ్యి. మొదటి ముద్ద పాప ఎదుట నువ్వు తిను, రెండోది మీ అత్తగారికి పెట్టు, పాప వంతు పాపే అడుగుతుంది.